దారం చెప్పిన దూరం

మా తొమ్మిదవ తరగతి గోడకు ఒక ప్రపంచపటం వేలాడుతూ ఉంటుంది. ఒకనాడు ఒక విద్యార్థిని స్కేలు పట్టుకుని దాని ముందు నిలబడి ఉంది. వాళ్ళ అక్క గన్నవరంలో విమానమెక్కి, ఢిల్లీలో మారి, చికాగో చేరిందట.

"మాస్టారూ! ఢిల్లీ నుంచి చికాగోకు గీత గీస్తే ఇరాన్, ఇరాక్, మధ్యధరా సముద్రం, అట్లాంటిక్ వస్తున్నాయి. అక్కేమో కిందంతా మంచే కనిపించిందంటోంది. విమానం దారి తప్పిందాండీ?"

ముందు తేలికైన లెక్క చేద్దామన్నాను. గన్నవరం సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఢిల్లీ ఇరవై ఎనిమిదిన్నర మీద. తేడా 12 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 1,332. ఢిల్లీ కాస్త పడమరగా ఉంది కాబట్టి ఆ ఏటవాలు కలిపితే దాదాపు 1,390. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో గంటా ముప్పావు పట్టాలి. టైంటేబిల్లో మాత్రం రెండు గంటలు దాటి ఉంటుంది. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం, ఢిల్లీ ఆకాశంలో వంతు కోసం తిరగడం... ఇవన్నీ కాలాన్ని తినేవే.

ఇక చికాగో. గోడపటంలో భూమిని బల్లపరుపుగా పరిచారు. 1569లో మెర్కేటర్ రూపొందించిన ఈ పద్ధతిలో ధ్రువాలవైపు వెళ్ళేకొద్దీ ప్రాంతాలు సాగిపోతాయి. 60వ అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు కనిపిస్తుంది. గ్రీన్‌లాండు ఆఫ్రికా అంత ఉన్నట్టుంటుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

గ్లోబు తెప్పించి, ఢిల్లీ మీద దారం కొస నొక్కిపట్టి, చికాగో దాకా బిగించి లాగమన్నాను. దారం కజకస్థాన్, రష్యాల మీదుగా ఎక్కి, దాదాపు 80వ అక్షాంశం తాకి, గ్రీన్‌లాండు మంచు మీదుగా కెనడాలోకి దిగింది. దీన్నే మహావృత్త మార్గం అంటారు. దాని పొడవు సుమారు 12,000 కిలోమీటర్లు. స్కేలు గీత వెంట వెళితే 15,000!

మూడువేల కిలోమీటర్లంటే మూడు గంటలకు పైగా అదనపు ప్రయాణం, దానికి సరిపడా ఇంధనం. ఇంధనం ఎక్కువైతే బరువూ ఎక్కువే. ఆ బరువును మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి.

అయినా విమానం దారాన్ని అచ్చంగా అనుసరించదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేసింది. చుట్టు తిరగవలసి వచ్చి, అమెరికాకు వెళ్ళే కొన్ని ఎయిరిండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో దిగాయి.

గాలి సంగతి వేరే. పైన పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. కృష్ణలో పడవకు వాలు, ఎదురు ఉన్నట్టే విమానానికీ ఉంటాయి. అందుకే చికాగో నుంచి రావడానికి సాధారణంగా వెళ్ళేటప్పటికన్నా తక్కువ సమయం పడుతుంది.

వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు. "భూమి తూర్పుకు తిరుగుతోంది కదండీ! విమానం పైన ఆగి ఉంటే చికాగోయే దాని కిందికి రాదా?" మంచి ప్రశ్నే. కాని గాలికూడా భూమితో పాటే తిరుగుతోంది. రైల్లో కూర్చుని బంతి ఎగరేస్తే వెనక పెట్టెలో పడదు, చేతిలోకే వస్తుంది.

ఆ అమ్మాయి ఇదంతా వినలేదు. దారం కొసను బెజవాడకు మార్చి, సింగపూర్ దాకా లాగుతోంది.