లాంగ్‌హార్న్: విడుదలకు ముందే కనిపించిన విండోస్

విండోస్ ఎక్స్‌పీ తర్వాతి ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న సంకేతనామం లాంగ్‌హార్న్. 2003 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన డెవలపర్ల సదస్సులో కంపెనీ దాని రూపాన్ని ప్రదర్శించింది. వెనుక ఉన్నది లీలగా కనిపించే గాజు పలకల్లాంటి విండోలు, తెర అంచున గడియారంతో నిలిచిన సైడ్‌బార్ అందులో ముఖ్య ఆకర్షణలు.

అందాన్ని మించిన మార్పు లోపల ఉంది. అంతవరకు ప్రతి విండో తన భాగాన్ని నేరుగా తెర మీదే గీసుకునేది. కొత్త పద్ధతిలో ప్రతి విండో బొమ్మ మెమరీలో విడిగా తయారవుతుంది; గ్రాఫిక్స్ కార్డు వాటన్నిటినీ కలిపి తెర మీదికి తెస్తుంది. పారదర్శకత, సాఫీ కదలికలు సాధ్యమైంది ఇందువల్లే. ఇక విన్‌ఎఫ్‌ఎస్ అనే భాగం ఫైళ్లను ఫోల్డర్ల వారీగా కాక రాసినవారు, తేదీ, విషయం వంటి లక్షణాలను బట్టి వెతికిపెట్టాలి. నిజానికి అన్నిటికన్నా సాహసోపేతమైన ఆలోచన ఇదే.

ఇలాంటి ప్రదర్శనల్లో కనిపించేదంతా పూర్తయిన ప్రోగ్రాం కాదు, కొంత నమూనా మాత్రమే. 2004లో మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2003 కోడ్‌ను పునాదిగా తీసుకుని పనిని మళ్లీ మొదలుపెట్టింది, విన్‌ఎఫ్‌ఎస్‌ను పక్కనపెట్టింది. 2007 జనవరి 30న విండోస్ విస్టా పేరుతో లాంగ్‌హార్న్ సాధారణ వినియోగదారులకు అందింది. గాజు విండోలు, సైడ్‌బార్ అందులో ఉన్నాయి. విన్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఆ తర్వాత కూడా ఏ విండోస్‌లోనూ భాగం కాలేదు.