మందు మారింది, మచ్చ మిగిలింది: కాలా అజార్‌పై బ్రహ్మచారి పోరాటం

కలకత్తా సీల్దాలోని క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో అదొక చిన్న గది. గ్యాస్ లేదు, కుళాయి లేదు, కరెంటు లేదు. రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని ఆ గదిలో పనిచేసిన డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో యూరియా స్టిబమైన్ అనే మందును తయారుచేశారు. లక్షల మందిని కాలా అజార్ నుంచి కాపాడిన మందు అది.

కాలా అజార్ అంటే నల్ల జబ్బు. జ్వరం వారాల తరబడి వదలదు. ప్లీహం, కాలేయం ఉబ్బి పొట్ట ముందుకు వస్తుంది. రక్తం తగ్గి మనిషి చిక్కిపోతాడు, ఒళ్లు నల్లబడుతుంది. చికిత్స అందకపోతే దాదాపు అందరూ చనిపోతారు. ఈ జబ్బుకు కారణమైన పరాన్నజీవిని 1903లో విలియం లీష్మన్, మద్రాసులో పనిచేస్తున్న చార్లెస్ డోనోవన్ విడివిడిగా ప్రకటించారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి ‘లీష్మానియా డోనోవని’ అని పేరు పెట్టింది, సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాసే. ఇది ఇసుక ఈగ కాటుతో ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది.

బ్రహ్మచారి 1873 డిసెంబర్ 19న బీహార్‌లోని జమాల్‌పూర్‌లో పుట్టారు. తండ్రి రైల్వే డాక్టరు. ఉపేంద్రనాథ్ మొదట గణితం, తర్వాత రసాయన శాస్త్రం చదివి, ఆపై వైద్యంలోకి వచ్చారు. రోగి మంచం పక్కన డాక్టరుగా, పరీక్ష నాళిక ముందు రసాయన శాస్త్రవేత్తగా ఒకే మనిషి పనిచేయడం ఈ కథలో కీలకం.

అప్పట్లో కాలా అజార్‌కు టార్టార్ ఎమెటిక్ అనే ఆంటిమొనీ లవణాన్ని సూదిమందుగా ఇచ్చేవారు. అది పనిచేసేది కానీ, నెలల తరబడి వాడాలి. పైగా గుండెకు ప్రమాదం. అందులోని ఆంటిమొనీ వేలెన్సీ 3. వేలెన్సీ 5 ఉన్న ఆంటిమొనీ శరీరానికి అంత విషం కాదు. లోపలికి వెళ్లాక అదే 3గా మారి పరాన్నజీవి రక్షణ వ్యవస్థను దెబ్బతీస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. బ్రహ్మచారి రెండో రకాన్నే ఎంచుకుని, దాన్ని యూరియాతో కలిపారు. 1922లో ఫలితాలు ప్రచురించారు. నెలల చికిత్స వారాల్లోకి వచ్చింది. అస్సాంలో ప్రభుత్వం పెద్ద ఎత్తున వాడడంతో మరణాలు బాగా తగ్గాయి. 1929లో ఆయన పేరు నోబెల్ పరిశీలనకు వెళ్లింది కానీ బహుమతి రాలేదు. 1946లో కన్నుమూశారు.

ఆ మందు ఇప్పుడు వాడుకలో లేదు. తర్వాత వచ్చిన ఆంటిమొనీ మందులకు కూడా 1990ల నాటికి బీహార్‌లో చాలామంది రోగులు కోలుకోవడం మానేశారు. ఇప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి అనే మందును ఒకే ఒక్కసారి నరంలోకి ఎక్కిస్తున్నారు.

అయితే 1922లోనే బ్రహ్మచారి గమనించిన మరో సంగతికి ఈనాటికీ కాలం చెల్లలేదు. కాలా అజార్ నయమైన కొందరికి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, చర్మంపై తెల్లటి మచ్చలు, బొడిపెలు వస్తాయి. ఆ చర్మంలో పరాన్నజీవులు ఉన్నాయని ఆయన చూపించారు. ఈ రోగులకు జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. పొలం పని మానాల్సిన అవసరం రాదు. అందుకే ఆసుపత్రికి రారు. వచ్చినా కుష్ఠు అని పొరబడే అవకాశం ఉంది. కానీ వాళ్లను కుట్టిన ఇసుక ఈగలకు పరాన్నజీవి అంటుతుందని పరిశోధనల్లో తేలింది.

ప్రతి బ్లాకులో ఏడాదికి 10,000 మందికి ఒక్క కేసు కంటే తక్కువ ఉండాలన్నది మన దేశ లక్ష్యం. 2023లో బంగ్లాదేశ్ ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిన తొలి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. కేసులు తగ్గేకొద్దీ ఆ మచ్చల ప్రాధాన్యం పెరుగుతుంది. ఒక ఊళ్లో అందరికీ జ్వరం తగ్గినా, మచ్చలున్న ఒక్కరు చికిత్సకు దూరంగా ఉండిపోతే జబ్బు మళ్లీ మొదలుకావచ్చు. అందుకే కాలా అజార్ వచ్చి తగ్గినవాళ్లు ఏళ్లు గడిచినా సరే, ఒంటిపై కొత్త మచ్చ కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. పాత జబ్బు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.