ఫొటో తీసే ముందు పొద్దు ఎటుందో చూడండి: బొబ్బర్ల చేను నేర్పిన పాఠం

ఈసారి కషాయం గురించి కాదు, వెలుగు గురించి మాట్లాడుకుందాం. వెలుగు సంగతి తెల్వక నేను చేసిన తప్పు ముందు చెప్తా.

పోయిన యాసంగిలో మడికొండలో మా బొబ్బర్ల చేనుకు పేనుబంక వచ్చింది. పట్టపగలు పన్నెండున్నరకు పోయి, కొమ్మ కింద ఫోన్ పెట్టి, ఆకాశం వైపు చూపిస్తూ ఫొటో తీసిన. పేనుబంక పక్కన నల్లగా, పొడుగ్గా ఇంకో పురుగు కనబడ్డది. వాట్సాప్ గ్రూపులో పెడితే "లద్దె పురుగు లెక్కుందన్నా, కొట్టెయ్" అన్నరు. నాకూ అట్లనే అనిపించింది. ఆ సాయంత్రమే అగ్ని అస్త్రం కొట్టించిన.

మూడు రోజులకు పొద్దున ఏడింటికి చేనులో తిరుగుతుంటే అలాంటి పురుగు ఒక్కటి మిగిలి కనబడింది. పక్క నుంచి ఎండ పడుతోంది. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు, ముందు భాగంలో ఆరు కాళ్లు, చిన్న మొసలి పిల్ల ఆకారం. అది అక్షింతల పురుగు పిల్ల! పేనుబంకను తినే మన మిత్రుడు. డిప్లొమాలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పురుగునే నా చేనులో గుర్తుపట్టలేకపోయిన. తర్వాత పేనుబంక మళ్లీ లేచింది, తినేటోళ్లు లేరు. నాలుగు సాళ్లు పీకేయాల్సి వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగింది?

వెనకాల ఆకాశం తెల్లగా మెరుస్తుంటే ఫోన్ ఆ వెలుగుకు తగ్గట్టు సర్దుకుంటుంది. ముందున్న పురుగు నల్లగా మాడిపోయినట్టు వస్తుంది. నారింజ మచ్చలు అట్లనే పోయినయి. గ్రూపులోవాళ్ల తప్పు లేదు, నేను పంపిన ఫొటోలోనే అబద్ధం ఉంది.

మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, మళ్లీ జూలై చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మిగతా నెలల్లోనూ మిట్టమధ్యాహ్నం ఎండ మీది నుంచే పడుతుంది. ఆకు పైన తెల్లగా మెరుస్తుంది, కింద చీకటి. అందుకే ఇప్పుడు నా ఫొటోలు, వీడియోలు ఎక్కువగా పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపే. ఆ చల్లదనానికి పురుగులు కూడా మందంగా ఉంటాయి, ఎగిరిపోవు.

మూడు దిక్కుల వెలుగు

వీడియోలో ఒకే మొక్కను మూడు వైపుల నుంచి తీసి చూపించాను. గమనించండి.

1. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే రంగు బాగా తెలుస్తుంది. పురుగు మచ్చలకు, పిట్టలకు ఇది మేలు. మీ నీడ మాత్రం మొక్క మీద పడనీయకండి.

2. పక్క నుంచి వెలుగు పడితే ఎగుడుదిగుడు తెలుస్తుంది. మిర్చి రైతులకు ఇది ముఖ్యం. తామర పురుగు వస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి వస్తే కిందికి. నడినెత్తి ఎండలో తీస్తే ముడత ఎటు ఉందో ఫొటోలో తేలదు. సలహా ఇచ్చేవాళ్లు పొరపాటు పడతారు.

3. ఎదురు వెలుగు నా కొంప ముంచింది గానీ, దానికీ పని ఉంది. పొద్దున మంచు పట్టిన సాలెగూళ్లు ఎదురెండలోనే మెరుస్తాయి. సాలీళ్లు ఎన్ని ఉన్నాయో ఒక అంచనా వస్తుంది. ఆకును వెలుగుకు అడ్డం పెట్టి తీస్తే ఆకు తొలిచే పురుగు చేసిన సొరంగాలు గీతల్లా కనబడతాయి.

ఆకు పసుపా, ఎండ పసుపా?

పొద్దు గుంకే వేళ వెలుగు ఎర్రగా, పసుపుగా ఉంటుంది. ఆ టైంలో తీస్తే పచ్చటి ఆకు కూడా పాలిపోయినట్టు వస్తుంది, ఎవరైనా "నత్రజని లోపం" అనేస్తారు. పోషక లోపాల ఫొటోలు పలుచటి మబ్బు ఉన్నప్పుడు గానీ, పొద్దున చెట్టు నీడన గానీ తీయండి. ఆకు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫొటోలో కాగితమే పసుపుగా వస్తే ఆకు రంగును కూడా నమ్మొద్దు. ఆకు కింది భాగం తీయాలంటే తెల్ల తువ్వాలను కింద పట్టండి, వెలుగు పైకి కొడుతుంది. నీలం, ఆకుపచ్చ పరదాల కింద తీయొద్దు. ఫిల్టర్లు ఆపేయండి.

పాలపిట్ట నీలం

చేనులో పక్షుల కోసం పాతిన కర్రల మీద పాలపిట్ట వాలుతుంది. మన రాష్ట్ర పక్షి, మిడతల్ని ఏరుకుని తినే కూలి లేని కూలీ. కూర్చుంటే గోధుమ రంగే ఎక్కువ, ఎగిరితే రెక్కల్లో నీలం విచ్చుకుంటుంది. ఆ నీలం అద్దిన రంగు కాదు. ఈకలోని సన్నటి నిర్మాణం వెలుగును చెదరగొడితే మనకు అట్లా కనబడుతుంది. అందుకే ఎండను వీపు వెనక పెట్టుకుని, దూరంగా కూర్చుని, అది ఎగిరేదాకా ఓపిక పట్టాలి. వెంటబడొద్దు, గూడు దగ్గర ఫ్లాష్ అసలే వద్దు. దసరాకు కొందరు పంజరంలో పెట్టి చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చేను గట్టున చూస్తే దర్శనం ఉచితం.

ఇప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పొద్దున వెలుగులో, రెండు వైపుల నుంచి ఫొటో తీయకుండా ఏ కషాయమూ కొట్టను. కొట్టాల్సిన పురుగైతే పూట ఆలస్యంతో కొంపేం మునగదు. మిత్ర పురుగైతే ఆ పూట దాని ప్రాణం నిలుస్తుంది, మన పంట కూడా.