రహస్యపు వోటు – పెద్దల ధర్మము



మన ముదిగుబ్బ ప్రాంతపు పల్లెలలో పంచాయతీ ఎన్నికలు సమీపించినప్పుడు రచ్చకట్టపై మొదట వినవచ్చు మాట, "పెద్దలము కూర్చుండి ఒకరిని నిర్ణయింతము" అనునది. కలహము లేకుండుట మేలే. అయినను ఆ మాటను కొంచెము విచారింపవలెను.

ఇంగ్లండులో 1872కు పూర్వము పార్లమెంటు ఎన్నికలందు వోటరు తాను కోరిన పేరును పదిమంది యెదుట పలుకవలసియుండెను. భూస్వామి వినుచుండఁగా కౌలుదారు వేఱొక పేరెట్లు చెప్పఁగలఁడు? ఆ యేఁటి చట్టముచే పార్లమెంటునకును, పురపాలక సభలకును గూడ రహస్యపు వోటు ఏర్పడెను.

మన పంచాయతీలకు 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ఆధారము. ఐదేండ్ల కొకసారి ఎన్నిక జరుగవలెను. 21 ఏండ్లు నిండిన వోటరు పోటీ చేయవచ్చును. సర్పంచిని గ్రామ వోటరులందఱును, వార్డు సభ్యుని ఆ వార్డువారును ఎన్నుకొందురు. 2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రమున నాలుగు విడతలుగా జరిగిన ఎన్నికలలో కాగితముపై ముద్రవేసియే వోటిచ్చిరి.

నామినేషను ఒక్కటే మిగిలినచో ఏకగ్రీవము, అది చట్టసమ్మతమే. కాని పదవిని వేలము వేసి, ఆ సొమ్ము గుడికే యిచ్చినను, అది ఏకగ్రీవము గాదు, విక్రయము. బెదరించి ఒకని నామినేషను మాన్పించుటయు నట్టిదే. ఊరి చివర గుడిసెలోని కూలి స్త్రీకి మన రచ్చకట్టపై చోటు లేదు. ఆమె మాట చెల్లునది ఆ తెరచాటుననే.

కావున పెద్దలారా! అడిగినవారికి మంచిచెడ్డలు తెలుపుఁడు. పెద్దఱికము సలహా చెప్పుటయందున్నది గాని, పరుల చేతి ముద్రను పట్టుకొనుటయందు లేదు.