బాణపు గుర్తుకు ఊరి కట్టుబాటు

అమెరికా దేశమున ఇల్లు అమ్మదలచినవారు శని, ఆదివారములందు తలుపులు తెఱచియుంచి, కొనదలచిన వారెవరైనను వచ్చి చూచిపోవుటకు వీలు కల్పించు ఆచారము కలదు. దీనినే అచ్చటివారు ‘ఓపెన్ హౌస్’ అందురు. ఆనాటి ఉదయమున ఏజెంటు కారు డిక్కీ నుండి నాలుగైదు పలకలు దింపి, పెద్దరోడ్డు మలుపున ఒకటి, లోపలి వీథి మొదట ఒకటి, ఇంటి ముంగిట ఒకటిగా నిలిపిపోవును. పైన బందులతో కూర్పబడి, కాళ్లు చాపుకొని నిలుచు ఆ పలకపై బాణపు గుర్తు, కంపెనీ పేరు, ఫోను నంబరు తప్ప సాధారణముగా మఱేమియు నుండదు. ఇంత స్వల్ప వస్తువునకు చట్టమేల యని తోచవచ్చును గాని, అది ఎవరి నేలపై నిలిచినది, ఎంత పరిమాణము గలది, ఎంతసేపు నిలిచియుండును అను మూడు ప్రశ్నలకు అచ్చటి పట్టణములు తమ జోనింగు నిబంధనలలో విపులముగా సమాధానములు వ్రాసికొనియున్నవి.

మొదటి ప్రశ్నయే మిక్కిలి చిక్కైనది. కాలిబాటకును రోడ్డునకును నడుమనుండు పచ్చికపట్టెకు నీరు పోయువాడును, గడ్డి కోయువాడును ఇంటి యజమానియే. అయినను పలుచోట్ల అది ఊరి రహదారిలో భాగమగుటచే, అచ్చట పాతిన పలకను మునిసిపల్ సిబ్బంది పెఱికి లారీలో వేసికొని పోవుటయు కలదు. కూడలి మూలలందు, అడ్డవీథి నుండి వచ్చు కారునకు ఎదుటి వాహనము కనబడవలెను గనుక, కొంత మేరను త్రికోణాకారముగ కొలిచి, చూపునకు అడ్డువచ్చు ఎత్తుగల దేనినైనను నిలుపుటను అనేక పట్టణములు నిషేధించినవి. పరుల స్థలమున నిలుపవలెనన్న వారి సమ్మతి కావలయును. ఆ సమ్మతియున్నచో, సమంజసమైన పరిమాణముతో, రాకపోకలకు అపాయము కలుగకుండ దారి చూపు పలకను నిలుపుకొనవచ్చుననియు, స్థానికశాసన మేదియు దీనిని కాదనజాలదనియు కాలిఫోర్నియా సివిల్ కోడు 713వ సెక్షను పలుకుచున్నది.

పలకలను బొత్తిగా మాన్పింపజూచిన ఊరును కలదు. న్యూజెర్సీ రాష్ట్రమందలి విల్లింగ్‌బరోలో నల్లజాతి కుటుంబములు వచ్చి చేరుచుండగా తెల్లవారు భయాందోళనలతో ఇండ్లమ్ముకొని పోవుచున్నారని తలచి, ‘అమ్మబడును’ అను పలకయే వీథిలో కనబడకుండిన ఆ భయము తగ్గునని 1974లో పాలకులు శాసనము చేసిరి. ఉద్దేశము మంచిదైనను, ఇల్లు అమ్మకమునకున్నదను సత్యమును పౌరులకు తెలియనీయకుండుట వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని 1977లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది.

అయితే నేటి నిబంధనల రూపును మార్చిన వ్యాజ్యము ఇండ్లకు సంబంధించినది కాదు. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణమున సొంత భవనము లేని ఒక చిన్న చర్చి, ఆదివారపు ప్రార్థన ఎచ్చట జరుగునో తెలుపుటకు శనివారమే పలకలు నిలుపుచుండెను. అచ్చటి ఆనాటి నిబంధనల ప్రకారము ఇట్టి దారి పలక ఆఱు చదరపు అడుగులకు మించరాదు. కార్యక్రమమునకు 12 గంటలకంటె ముందుగా నిలుపరాదు. ముగిసిన గంటలో తీసివేయవలెను. ఆశయ ప్రచారపు పలకకో, 20 చదరపు అడుగులవఱకు అనుమతి, కాలపరిమితియే లేదు! పలకపై నున్న మాటను చదివి, దానినిబట్టి కొలత నిర్ణయించుట రాజ్యాంగ విరుద్ధమని 2015 జూన్ 18న సుప్రీంకోర్టు ప్రధాన తీర్పు పలికినది; ఫలితము విషయమున న్యాయమూర్తులు తొమ్మండుగురును పట్టణమునకు ప్రతికూలముగనే నిలిచిరి. ప్రధాన తీర్పు వ్రాసిన క్లారెన్స్ థామస్, పరిమాణము, నిర్మాణద్రవ్యము, దీపకాంతి వంటివానిని పట్టణములు మాటతో నిమిత్తము లేకుండ నియంత్రింపవచ్చునని చెప్పుటయు మఱువలేదు. ఊరు పలకను కొలువవచ్చును, మాటను తూచరాదు.

ఈ తీర్పు ఇండ్ల ఏజెంటులకు అనుకూలమా, ప్రతికూలమా యని విచారించినచో విచిత్రమొకటి తోచును. పెక్కు పట్టణములు ‘రియల్ ఎస్టేట్ పలకలు’ అను పేరిట వారికి ప్రత్యేకపు రాయితీ లిచ్చియుండెను; ఆ పేరే పలకపై నున్న విషయమునుబట్టి పుట్టినది గనుక, ఆ రాయితీలకును ఆధారము సడలినది. కావుననే తరువాత పలు పట్టణములు ఆ పేరు తొలగించి, అమ్మకమునకున్న స్థలమునందు ఆ కాలమున ఒక తాత్కాలిక పలక అదనముగ నుండవచ్చునని, అందేమి వ్రాసినను సరియేనని నిబంధనలు తిరుగవ్రాసికొనెను. ఆస్టిన్ నగరపు వ్యాజ్యమున 2022లో, స్థలములోని వ్యాపారమును గూర్చిన పలకకును, వేఱొకచోటి దానిని గూర్చిన పలకకును భేదము పాటించుట మాటను తూచుట కాదని సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తు లభిప్రాయపడుటచే, ఇంటి ముంగిటి పలకకంటె మలుపునందలి బాణపు పలకపై కట్టడి హెచ్చుగా నుండుటకు నేటికిని అవకాశమున్నది.

అచ్చట ఇండ్లు కొని, ఉద్యోగము మాఱినపుడు అమ్ముకొను మన తెలుగువారు ఊరి నిబంధనలతో పాటు, కాలనీవాసుల సంఘపు కట్టుబాట్లను గూడ చూచుకొనవలసియుండును. అరిజోనా చట్టము సొంత స్థలమున 18 అంగుళములకు 24 అంగుళముల అమ్మకపు పలకను సంఘములు నిషేధింపరాదని రక్షణ కల్పించినది గాని, రాష్ట్రములన్నియు ఒకే తీరుగ లేవు. ఏజెంటునకు తెలిసియుండునులే యని ఊరకుండుటకంటె, పలక పాతుటకు ముందే పట్టణ కార్యాలయమునకు ఫోను చేసి స్థలము, కొలత, గడువు అడిగి తెలిసికొనుట ఉత్తమము.