దాచుకున్నోడిదే వేగం!

మీకు తెలుసా? తెలుగు వికీపీడియాలో గుంటూరు జిల్లా కాకుమాను పేజీని మన ముందుంచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మీడియావికీ సాఫ్ట్‌వేర్. ఆ పీహెచ్‌పీ సృష్టికర్త రాస్మస్ లెర్డార్ఫ్ పుట్టింది గ్రీన్‌లాండ్‌లో. ఎక్కడి మంచుగడ్డలు, ఎక్కడి గుంటూరు మిరపకాయలు!

పీహెచ్‌పీ 1995లోనే విడుదలైనా, స్క్రిప్టును ఒకసారి కంపైల్ చేసి దాచిపెట్టే 'ఓపీక్యాష్' దాంతో కలిసి వచ్చింది 2013లోనే, 5.5 వెర్షన్‌తో. అంతకుముందు ఏపీసీ, ఈయాక్సిలరేటర్ లాంటివి విడిగా పెట్టుకోవాల్సిందే. అవీ లేకపోతే ప్రతి క్లిక్కుకీ స్క్రిప్టు మళ్లీ మొదటినుంచి కంపైల్! తెనాలి హోటల్లో దోసె అడిగిన ప్రతిసారీ పప్పు నానబోసి రుబ్బినట్టే!

మీకు తెలుసా? 10,000 ఫైళ్లకు చోటివ్వమంటే ఓపీక్యాష్ 16,229 ఫైళ్లకు ఇస్తుంది. దాని లెక్కలన్నీ ప్రధాన సంఖ్యల్లోనే మరి. ఇంత కొసరు ఏ కొట్లో ఇస్తారు?

తెలుగు వికీపీడియా, డేటాను మెమరీలో దాచిపెట్టే మెమ్‌క్యాష్డ్ సాఫ్ట్‌వేర్ ఒకే ఈడువని తెలుసా? రెండూ 2003లో పుట్టినవే! లైవ్‌జర్నల్ సైటు భారం తగ్గించడానికి బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ రాసిన ఈ మెమ్‌క్యాష్డ్ వికీపీడియా సర్వర్లలోనూ పనిచేస్తోంది. ఈడూ జోడూ అంటే ఇదే!

'కాకుమాను' బరువెంతో తెలుసా? యూటీఎఫ్-8 లెక్కలో 24 బైట్లు. అదే పేరు ఇంగ్లిషు అక్షరాల్లో అయితే 8 బైట్లే. తెలుగులో మన ఊరు మూడింతలు ఘనం!

2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ చనిపోతే వికీపీడియా సర్వర్లు తడబడ్డాయని మీకు తెలుసా? ఆయన పేజీలో మార్పు జరిగిన ప్రతిసారీ క్యాష్‌లో (తయారైన పేజీని దాచిపెట్టే చోటు) ఉన్న కాపీ పాతబడిపోయేది. వెంటనే సర్వర్లన్నీ ఎగబడి అదే పేజీని ఎవరికి వారు తయారుచేశాయి. ఆ తర్వాతే 'పూల్‌కౌంటర్' వచ్చింది: ఒకరు తయారుచేస్తుంటే మిగతావాళ్లు ఆగాలి. సర్వర్లకూ క్యూ పద్ధతి నేర్పాల్సి వచ్చింది!

మీకు తెలుసా? నార్వే పత్రిక వీజీ తన సైటు కోసం వార్నిష్ అనే క్యాష్ సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. 12 సర్వర్లు చేసే పనిని 3 సర్వర్లు చేసేశాయి. మిగతా తొమ్మిదికీ ముందస్తు రిటైర్మెంట్!

2014లో వికీపీడియా, పీహెచ్‌పీ కోడ్‌ను నడిపే ఫేస్‌బుక్ వాళ్ల ఇంజిన్ హెచ్‌హెచ్‌వీఎంకు మారింది. సర్వర్ల ప్రాసెసర్ భారం సుమారు 50 శాతం నుంచి 10 శాతానికి దిగింది! మరి 2019లో? మళ్లీ పీహెచ్‌పీ సొంత ఇంజిన్‌కే వచ్చేసింది. అప్పటికి పీహెచ్‌పీ 7 కూడా పరుగు నేర్చేసింది మరి!

ఇంకోటి తెలుసా? పీహెచ్‌పీలో 5 తర్వాత వచ్చింది 7. ఆరో నంబరు విడుదలే కాలేదు. ఎంత తొందరో చూడండి, ఒక మెట్టు ఎగిరి దూకేసింది!

చివరగా, మీ ఊరికో కొట్టుకో పీహెచ్‌పీ వెబ్‌సైటు ఉందా? ఓపీక్యాష్ ఆన్‌లో ఉందా అని ఇవాళే మీ హోస్టింగ్ వాళ్లను అడగండి. దాని ధర తెలుసా? అక్షరాలా సున్నా రూపాయలు!