పొడుగు పిన్ను ఎందుకు పొడుగు?

త్రీ పిన్ ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైనున్న పిన్ను మిగతా రెండిటికన్నా లావు, పొడుగు. అదే ఎర్త్. సాకెట్లోకి అన్నిటికన్నా ముందు దిగేది, తీసేటప్పుడు చివర బయటికొచ్చేది అదే. అంటే ఫేజ్ తగలకముందే ఇస్త్రీపెట్టె ఇనుప ఒళ్లు నేలతో కలిసిపోతుంది. లోపల వైరు ఊడి ఒంటికి తగిలినా కరెంటు నేలదారి పడుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. ఫేజ్, న్యూట్రల్ రంధ్రాలకు లోపల మూతలున్న సాకెట్లలో వాటిని తెరిచేది కూడా ఈ పొడుగు పిన్నే. పెన్నుతో పై రంధ్రాన్ని పొడిచి టూ పిన్ దూర్చేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. పసిపిల్లల కోసం పెట్టిన కాపలాను అలా చేజేతులా తీసేస్తున్నాం.

ఈ గుండ్రటి పిన్నులు బ్రిటన్ నుంచి వచ్చినవి. అక్కడ 1934లో వాటికి బీఎస్ 546 అనే ప్రమాణం రాశారు. 1947లో ఆ దేశం దీర్ఘచతురస్రపు పిన్నుల వైపు మళ్లింది, మనం గుండ్రటివాటినే ఉంచుకున్నాం. మన ప్రమాణం ఐఎస్ 1293. అందులో చిన్నది 6 ఆంపియర్లకు, పెద్దది 16కు. ఎలక్ట్రీషియన్ నోట మాత్రం ఇప్పటికీ ఫైవ్ ఆంప్స్, ఫిఫ్టీన్ ఆంప్సే.

చిన్న, పెద్ద సాకెట్ల మధ్య ఆ తేడా ఇప్పుడు మన ప్రాంతానికి ముఖ్యం. హోసూరులో టీవీఎస్, ఏథర్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా కరెంటు స్కూటర్లు చేస్తున్నాయి. రాత్రి గంటల తరబడి అవి వేలాడేది ఇంట్లోని ఆ పాత సాకెట్‌కే. ఇస్త్రీపెట్టె పది నిమిషాల్లో పని ముగిస్తుంది, స్కూటర్ అలా కాదు. పిన్ను వదులుగా ఉంటే ఆ పట్టులోనే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఛార్జింగ్ సగంలో స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి ప్లాస్టిక్ తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంతగా కాలితే సాకెట్ మార్చాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద స్కూటర్ పెట్టడం అసలే వద్దు.

రోడ్డు మీది ఛార్జర్ల కథ వేరు. మొదట్లో ఒక కంపెనీ ఛార్జింగ్ గన్ మరో కంపెనీ బండికి పట్టేది కాదు. ఏథర్ రూపొందించిన, ఏసీ, డీసీ రెండూ ఒకే మూతిలో వచ్చే కనెక్టర్‌ను భారత ప్రమాణాల సంస్థ తేలికపాటి వాహనాలకు ప్రమాణంగా ఆమోదించింది. ఐఎస్ 17017 వరుసలో దానికి చోటు దక్కింది. ఏథర్ ఆ డిజైన్‌ను మిగతావాళ్లకూ ఇచ్చింది, హీరో విడా వాడుతోంది. పెట్రోలు బంకులో ఏ బండికైనా ఒకే గన్ పడుతుంది కదా, కరెంటు బండి యజమాని కూడా అంతకంటే ఎక్కువేమీ అడగడం లేదు.

కార్లకు వాడే టైప్ 2 గన్‌లో ఏడు పిన్నులుంటాయి. అక్కడా ఎర్తే ముందు తగులుతుంది. కబురు మోసే సన్న పిన్ను మాత్రం కావాలనే పొట్టిగా పెట్టారు. గన్ లాగగానే మొదట ఊడేది అది. అది ఊడిందని తెలిసిన మరుక్షణం ఛార్జర్ కరెంటు ఆపేస్తుంది. పెద్ద పిన్నులు విడిపోయేసరికి వాటిలో ప్రవాహం ఉండదు, నిప్పురవ్వ లేవదు.